పాత హ్యాండ్‌హెల్డ్ కన్సోల్ మార్చాలా? డబ్బు కట్టే ముందు తేల్చుకునే పద్ధతి

చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మెషిన్ నింటెండో స్విచ్ 2 2025 జూన్ 5న వచ్చినప్పటి నుంచి తిరుపతిలో నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటే: "పాతది బాగానే ఉందన్నా, కొత్తది తీసుకోవచ్చా?" అడిగేవాళ్లలో యూనివర్సిటీ హాస్టల్ కుర్రాళ్లు ఉన్నారు, శ్రీసిటీలో ఉద్యోగం చేస్తూ నెలనెలా కొంత దాచుకుంటున్నవాళ్లు ఉన్నారు, పిల్లల పోరు పడలేక అడిగే తల్లిదండ్రులూ ఉన్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు ఆడాలనుకుంటున్న గేమ్ పాతదాంట్లో నడవకపోతేనే మార్చండి. నడుస్తుంటే, ఆ డబ్బులో కొంచెం తీసి పాతదాన్ని బాగు చేయించుకోండి, మిగిలింది గేమ్‌లకు పెట్టుకోండి. మీ సంగతి ఈ రెండింటిలో ఏదో ఇంట్లో కూర్చునే తేల్చుకోవచ్చు.

1. గేమ్‌ల లెక్క రాయండి

వీడియోలు చూడటం కాసేపు ఆపి ఒక కాగితం తీసుకోండి. మధ్యలో గీత కొట్టండి. ఎడమ పక్క ఈ ఆరు నెలల్లో మీరు నిజంగా ఆడిన గేమ్‌లు రాయండి. గుర్తులేకపోతే కన్సోలే చెబుతుంది. స్విచ్‌లో మీ ప్రొఫైల్ తెరిస్తే ఏ గేమ్ ఎంతసేపు ఆడారో ఉంటుంది, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో ప్రతి గేమ్‌కూ గంటలు కనిపిస్తాయి. కుడి పక్క, ఆడాలని ఉండి ఇప్పుడున్న మెషిన్‌లో ఆడలేకపోతున్నవి రాయండి. "ఎప్పుడైనా చూద్దాం" అనుకునేవి వద్దు. ఈ ఏడాది డబ్బు పెట్టి కొని ఆడేవి మాత్రమే రాయండి.

కుడి పక్క ఒకటో రెండో పేర్లకే చెయ్యి ఆగిపోతే విషయం అక్కడికక్కడే తేలిపోయినట్టు. ఇప్పుడు మార్చనక్కర్లేదు. నాలుగైదు వస్తే ఒక్కోదాన్నీ విడిగా చూడండి. కొన్ని కొత్త మెషిన్‌లో మాత్రమే ఉంటాయి. మారియో కార్ట్ వరల్డ్, డాంకీ కాంగ్ బనాంజా పాత స్విచ్‌కు రానే రావు. కొన్ని రెండింటిలోనూ నడుస్తాయి కానీ తేడా కంటికి తెలుస్తుంది. పోకెమాన్ స్కార్లెట్, వైలెట్ పాత స్విచ్‌లో సెకనుకు 30 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) కూడా నిలకడగా ఇవ్వలేక తడబడేవి. స్విచ్ 2లో ఉచిత అప్‌డేట్‌తో అవే గేమ్‌లు 60 ఫ్రేములతో నడుస్తున్నాయి. సూపర్ మారియో ఒడిస్సీకి కూడా ఉచిత అప్‌డేటే. జెల్డా సిరీస్‌లో బ్రెత్ ఆఫ్ ది వైల్డ్, టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్‌లకు మాత్రం ఒక్కోదానికి 9.99 డాలర్లు విడిగా కట్టాలి. ఇలా ప్రతి పేరు పక్కనా "ఉచితం", "డబ్బు కట్టాలి", "తేడా లేదు" అని రాసుకుంటే కాగితమే సగం జవాబు ఇచ్చేస్తుంది.

స్టీమ్ గేమ్‌లు ఆడే చేతి మెషిన్ స్టీమ్ డెక్ ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మీ కుడి పక్క వాలరెంట్, ఫోర్ట్‌నైట్ లాంటివి ఉంటే, డెక్‌లో కొత్త మోడల్ కొన్నా అవి నడవవు. మోసగాళ్లను పట్టుకునే వాటి యాంటీ చీట్ ప్రోగ్రామ్‌లు డెక్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ స్టీమ్ ఓఎస్‌లో పనిచేయకపోవడమే కారణం. మెషిన్ బలానికీ దీనికీ సంబంధం లేదు. వాటి కోసమే అయితే విండోస్‌తో వచ్చే ఆసుస్ ఆర్‌ఓజీ అలై, లెనోవో లీజియన్ గో లాంటివి చూసుకోవాలి.

ఇక బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ తప్ప వేరే ఏదీ ఆడనివాళ్లు ఈ కొనుగోలు జోలికి వెళ్లకండి. అవి ఫోన్ గేమ్‌లు. మంచి ఫోన్, దాని వెనక బిగించే ఫ్యాన్ ఉంటే ఇంక కావాల్సింది లేదు.

2. ఎక్కడ ఆడుతున్నారో చూడండి

ఈ సంగతి ఎవరూ సరిగ్గా పట్టించుకోరు, నా లెక్కలో మాత్రం గేమ్‌ల తర్వాత ఇదే ముఖ్యం. ఇంట్లో టీవీ ముందు ఆడేవాళ్ల అవసరం వేరు, రేణిగుంట నుంచి రోజూ బస్సులో తిరిగేవాళ్ల అవసరం వేరు, వారం వారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లొచ్చేవాళ్ల అవసరం వేరు.

రైలు ప్రయాణాన్నే తీసుకోండి. తిరుపతి నుంచి చెన్నైకి మూడున్నర గంటలు పడుతుంది. 2017లో వచ్చిన మొదటి స్విచ్ బ్యాటరీ గేమ్‌ను బట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలు వస్తుందని కంపెనీయే చెప్పింది. 2019లో వచ్చిన సవరించిన మోడల్‌కు అది నాలుగున్నర నుంచి 9 గంటలు. మరి స్విచ్ 2? 2 నుంచి ఆరున్నర గంటలు. అంటే 2019 మోడల్ చేతిలో ఉన్నవాళ్లు కొత్తది కొంటే బ్యాటరీ విషయంలో వెనక్కి వెళ్తారు. బ్యాటరీ పెద్దదే, కానీ 7.9 అంగుళాల తెర, లోపలున్న కొత్త చిప్ అంతకంటే ఎక్కువ లాగేస్తాయి.

బ్యాటరీ చాలడం లేదన్నదొక్కటే మీ బాధ అయితే పవర్ బ్యాంకుతో తీరిపోతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది దాదాపు 74 వాట్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే కొలత). దారిలో కొంత వృథా అయినా 60 దాకా చేతికొస్తుంది. పాత స్విచ్ బ్యాటరీ 16 వాట్ అవర్లే కాబట్టి మూడుసార్లు పూర్తిగా నిండుతుంది. స్టీమ్ డెక్ మొదటి మోడల్‌కు 40 వాట్ అవర్లు, దానికి ఒకసారి నిండి కాస్త మిగులుతుంది. కొనేటప్పుడు పవర్ డెలివరీ అని రాసి ఉన్నదే తీసుకోండి. మామూలుదైతే, మీరు ఆడుతూ ఉంటే డెక్ లాంటివి చార్జ్ ఎక్కే దానికంటే వేగంగా దిగిపోతాయి. రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు పవర్ బ్యాంకును చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ బ్యాగులో ఒప్పుకోరు.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్విచ్, స్విచ్ 2 రెండింటినీ 5 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని నింటెండో చెబుతుంది. స్టీమ్ డెక్‌కూ పై హద్దు 35 డిగ్రీలే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో 40 దాటడం మామూలు. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం ఆడితే పాతదైనా కొత్తదైనా వేడెక్కి ఫ్యాన్ హోరెత్తుతుంది, గేమ్ నత్తనడక నడుస్తుంది. పాతది వేడెక్కుతోందని కొత్తది కొంటే ఆ బాధ పోదు. పరుపు మీద, దిండు మీద పెట్టకుండా గాలి బయటికెళ్లే సందులు తెరిచి ఉంచండి. మధ్యాహ్నం బదులు రాత్రి ఆడండి. చార్జ్ పెట్టి ఆడటం ఎండాకాలంలో తగ్గించండి. వీటికి పైసా ఖర్చు లేదు.

చిన్న పిల్లల కోసం చూస్తున్నవాళ్లు బరువు కూడా గమనించండి. స్విచ్‌లో చిన్న మోడల్ అయిన స్విచ్ లైట్ సుమారు 275 గ్రాములు, స్విచ్ 2 కంట్రోలర్లతో కలిపి 534 గ్రాములు. ఏడెనిమిదేళ్ల పిల్లల చేతులకు రెట్టింపు బరువు తేలిక విషయం కాదు.

3. పాతదాన్ని పరీక్ష చేయండి

"పాతది పాడైపోయింది" అని అమ్మేస్తున్న కన్సోళ్లలో ఎక్కువ భాగం చిన్న రిపేరుతో బాగయ్యేవే. ముందు స్టిక్ (బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల) చూడండి. స్విచ్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్లు, సెన్సార్ల విభాగంలోకి వెళ్లి స్టిక్ కాలిబ్రేషన్ తెరవండి. తెర మీద ఒక వృత్తం, దాని మధ్యలో చిన్న గుర్తు కనిపిస్తుంది. స్టిక్‌ను ఒక పక్కకు పూర్తిగా తోసి వేలు తీసేయండి. గుర్తు మధ్యకు వచ్చి కదలకుండా నిలబడాలి. నిలబడకుండా పక్కకు జారుతుంటేనో, వణుకుతుంటేనో దాన్నే డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ లోపల రాసుకుంటూ తిరిగే చిన్న పట్టీలు అరిగిపోవడం వల్ల వస్తుంది. ఒక్కోసారి కాలిబ్రేషన్‌తోనే సర్దుకుంటుంది. లేదంటే స్టిక్ ఒక్కటే మార్చవచ్చు. మార్చేటప్పుడు అయస్కాంతంతో పనిచేసే హాల్ ఎఫెక్ట్ స్టిక్ అడిగి వేయించుకోండి. అందులో ఒకదానికొకటి రాసుకునే భాగాలు ఉండవు కాబట్టి అలా అరగదు.

ఫోన్ రిపేర్ చేసే అబ్బాయిలు ఈ పని చేయగలరు. కానీ ఇవ్వకముందు ఒక్క ప్రశ్న వేయండి: "అన్నా, వై ఆకారం స్క్రూ బిట్ ఉందా నీ దగ్గర?" స్విచ్ వెనక పక్క స్క్రూలు మూడు కోణాల వై తలతో ఉంటాయి. ఆ బిట్ లేనివాళ్లు మామూలు స్టార్ బిట్‌తో బలవంతం చేస్తే తల అరిగిపోయి, తర్వాత ఎవరి చేతా తీయించలేని పరిస్థితి వస్తుంది. బిట్ చూపించినవాళ్లకే ఇవ్వండి, పక్కన నిలబడి చేయించుకోండి.

బ్యాటరీ కూడా అంతే. దాదాపు 800 సార్లు చార్జ్ చేశాక స్విచ్ బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి దిగుతుందని నింటెండో లెక్క. ఏళ్ల తరబడి రోజూ ఆడినవాళ్లకు అది తెలిసిపోతుంది. బ్యాటరీ మార్పిస్తే అదే మెషిన్ మళ్లీ కొత్తదానిలా నిలబడుతుంది. మీ స్విచ్ ఏ మోడలో తెలియాలంటే వెనక అడుగున ఉన్న నంబరు చదవండి. హెచ్‌ఏసీ-001 అని మాత్రమే ఉంటే మొదటిది, హెచ్‌ఏసీ-001(-01) అని ఉంటే ఎక్కువసేపు వచ్చే 2019 మోడల్.

స్టీమ్ డెక్‌లో చోటు చాలకపోతే గేమ్‌లు దాచే ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. ఎం.2 2230 అనే పొట్టి సైజుదే పడుతుంది, కొనేటప్పుడు ఆ నంబరు చెప్పి అడగండి. డెక్ విడిభాగాలు విడిగా దొరకడం దాని పెద్ద బలం.

4. మీ చేతిలో ఏది ఉందో దాన్ని బట్టి

2017 నాటి మొదటి స్విచ్ ఉండి, మీ కాగితం కుడి పక్క నిండితే స్విచ్ 2 కొనుక్కోండి, సంకోచం వద్దు. 720పీ తెర నుంచి 1080పీకి, 32 జీబీ నుంచి 256 జీబీకి మారతారు, పాత గేమ్‌లు చాలావరకు అందులోనూ నడుస్తాయి. స్విచ్ లైట్ ఉన్నవాళ్లకు టీవీలో ఆడాలని ఉంటేనే మారడంలో అర్థం ఉంది, ఎందుకంటే లైట్ టీవీకి కలవదు.

2021లో వచ్చిన స్విచ్ ఓఎల్‌ఈడీ మోడల్ ఉన్నవాళ్లను ఆగమంటాను. స్విచ్ 2 తెర పెద్దది, చురుకైనది, కానీ ఎల్‌సీడీ. రాత్రి లైటు తీసేసి ఆడితే ఓఎల్‌ఈడీలో నల్లగా కనిపించే చోటు ఇందులో బూడిద రంగులో కనిపిస్తుంది. ఓఎల్‌ఈడీకి అలవాటుపడ్డ కళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

స్టీమ్ డెక్ ఎల్‌సీడీ నుంచి ఓఎల్‌ఈడీకి మారితే తెర బాగుంటుంది, బ్యాటరీ 40 నుంచి 50 వాట్ అవర్లు అవుతుంది, బరువు కొంచెం తగ్గుతుంది. కానీ తడబడుతున్న గేమ్ తడబడుతూనే ఉంటుంది, వేగంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆర్‌ఓజీ అలై నుంచి అలై ఎక్స్‌కు మారడంలో అసలు లాభం బ్యాటరీ రెట్టింపు కావడం, 40 నుంచి 80 వాట్ అవర్లకు. ఎక్కువ ప్రయాణాలు చేసేవాళ్లకు అది చాలా పెద్ద లాభం. ఎప్పుడూ ప్లగ్ పక్కనే కూర్చుని ఆడేవాళ్లకు అవసరం లేదు.

ప్లేస్టేషన్ పోర్టల్‌ను వీటితో కలపకండి. అది ఇంట్లో ఉన్న ప్లేస్టేషన్ 5లో నడిచే గేమ్‌ను వైఫై ద్వారా చేతిలోకి తెచ్చేది. కనీసం 5 ఎంబీపీఎస్, బాగా ఆడాలంటే 15 ఎంబీపీఎస్ నెట్ ఉండాలి. ఇంట్లో టీవీ దగ్గర సీరియల్ నడుస్తుండగా పక్క గదిలో ఆడుకోవడానికి బాగుంటుంది, రైల్లో పనికిరాదు.

5. అసలు ఖర్చు కూడండి

అమెరికాలో స్విచ్ 2 ధర 449.99 డాలర్లుగా మొదలైంది. కానీ నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు. ఇక్కడ దొరికేవన్నీ బయటి నుంచి తెచ్చినవే, ధర అమ్మేవాడి ఇష్టం. మెషిన్ ధరతో ఆగకుండా దానికి వీటిని కలపండి. స్విచ్ 2లో గేమ్‌లు దాచుకోవడానికి మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే పనిచేస్తుంది. మీ పాత మైక్రోఎస్‌డీ కార్డులోంచి ఫోటోలు, వీడియోలు తీసుకోవచ్చు తప్ప అందులో గేమ్‌లు పెట్టుకోలేరు. కొత్త కేసు, తెరకు గార్డు, మన సాకెట్‌కు సరిపోయే ప్లగ్, కనీసం రెండు గేమ్‌లు కలపండి. అందులోంచి పాతది అమ్మితే వచ్చేది తీసేయండి.

నెట్ ఖర్చు కూడా లెక్కే. కొన్ని స్విచ్ 2 గేమ్‌లు గేమ్ కీ కార్డుల రూపంలో వస్తాయి. డబ్బాలో కార్డు ఉంటుంది కానీ గేమ్ అందులో ఉండదు, మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవాలి. 60 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ ఫైబర్‌లో గంటన్నరలో దిగుతుంది. రోజుకు 2 జీబీ ఇచ్చే ఫోన్ రీచార్జ్ మీద ఆధారపడిన హాస్టల్ కుర్రాడికి అదే గేమ్‌కు నెల పడుతుంది. డబ్బా మీద గేమ్ కీ కార్డ్ అని ముద్రించి ఉంటుంది, చూసి తీసుకోండి.

తేలిన మొత్తాన్ని గంటలతో భాగించండి. చేతి నుంచి పడేది 30,000 రూపాయలు అనుకుందాం. వారానికి 5 గంటలు ఆడితే రెండేళ్లకు 520 గంటలు, గంటకు 58 రూపాయలు. వారానికి ఒక్క గంటే కుదిరితే గంటకు 288 రూపాయలు. మీరు రాసుకునే గంటలు సెలవుల్లో ఆడినవి కాకుండా మామూలు వారంలో ఆడేవి అయ్యుండాలి.

"ఆగితే పాత మోడల్ చౌకవుతుంది" అని మాత్రం లెక్క వేసుకోకండి. 2025 ఆగస్టులో అమెరికాలో నింటెండో పాత స్విచ్‌ల ధర పెంచింది.

6. కొనేచోట

విండోస్ హ్యాండ్‌హెల్డ్‌లు కొన్ని మన దేశంలో అధికారికంగా వచ్చాయి. ఆర్‌ఓజీ అలై 2023లో 69,990 రూపాయలకు వచ్చింది. వాటికి ఇక్కడే చెల్లే వారంటీ ఉంటుంది, బిల్లు జాగ్రత్తగా దాచుకుంటే చాలు. నింటెండో, స్టీమ్ డెక్ కావాలంటే తిరుపతివాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు, చిత్తూరువాళ్లు బెంగళూరు ఎస్పీ రోడ్డుకు వెళ్లి వెతకడం అలవాటు. వెళ్లండి, కానీ తొందరపడకండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం జపాన్ మోడల్. స్విచ్ 2కు జపాన్‌లో జపనీస్ భాష మాత్రమే ఉండే చౌక మోడల్ ఒకటి ఉంది, 2025లో వచ్చినప్పుడు అక్కడ దాని ధర 49,980 యెన్‌లు. అందులో భాష మార్చలేరు, జపాన్ ప్రాంతానికి పెట్టిన ఖాతా తప్ప వేరేది కలపలేరు. "సార్, కొత్త పీసే, సెట్టింగ్స్‌లో ఇంగ్లీష్ పెట్టుకోవచ్చు" అని ఎవరైనా అంటే "అయితే ఇప్పుడే పెట్టి చూపించన్నా" అనండి. మీ కళ్ల ముందు భాష మారితేనే డబ్బు తీయండి. మిగతావాటికంటే బాగా తక్కువ ధర చెబుతున్నారంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

సెకండ్‌హ్యాండ్ అయితే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కు కలిపి నింటెండో ఆన్‌లైన్ దుకాణం ఈషాప్ తెరిపించండి. దొంగ కాపీలు నడిపే కార్డులు వాడిన స్విచ్ 2లను నింటెండో ఆన్‌లైన్ నుంచి నిషేధించింది. అలాంటిది పైకి బాగానే కనిపిస్తుంది, నెట్‌లోకి మాత్రం వెళ్లదు. తర్వాత స్టిక్ పరీక్ష, స్పీకర్లు, కార్డు స్లాటు, టీవీకి కలిపే డాక్, అన్నీ అక్కడే చూసుకోండి. వారంటీ లేనప్పుడు కనీసం వారం రోజులు మార్చి ఇస్తానని బిల్లు మీద రాయించుకోండి.

7. పాతది చెయ్యి దాటించే ముందు

కొత్తది వచ్చిన ఆనందంలో పాతదాన్ని అదే రోజు అమ్మేయకండి. స్విచ్‌లో మీ సేవ్‌లు (ఆటలో ఎంతదాకా వచ్చారో దాచిన వివరాలు) గేమ్ కార్డులో ఉండవు, మెషిన్‌లోనే ఉంటాయి. కార్డు దాచుకుని మెషిన్ ఇచ్చేస్తే వందల గంటల ఆట పోయినట్టే. స్విచ్ 2ను మొదటిసారి ఆన్ చేసి సెటప్ చేసేటప్పుడే పాతదాని నుంచి అన్నీ తెచ్చుకోమంటావా అని అడుగుతుంది. రెండూ పక్కపక్కనే పెట్టి, రెండింటికీ చార్జర్ తగిలించి అప్పుడే ఆ పని ముగించండి. పాతదాన్ని ముందే ఇచ్చేయాల్సి వస్తే సర్వర్‌కు పంపే దారి ఉంది, కానీ పంపగానే పాతది ఫ్యాక్టరీ రీసెట్ అవుతుంది. ఆన్‌లైన్ సభ్యత్వంతో వచ్చే క్లౌడ్ సేవ్‌ను నమ్ముకుంటే, పోకెమాన్ స్కార్లెట్ లాంటి కొన్ని గేమ్‌లు దాన్ని ఒప్పుకోవని గుర్తుంచుకోండి.

కొత్తదాంట్లో ప్రతి గేమ్ ఒకసారి తెరిచి మీ సేవ్ వచ్చిందో లేదో చూశాకే పాతదాన్ని రీసెట్ చేసి, మీ ఖాతా తీసేసి అమ్మండి. తమ్ముడికో చెల్లెలికో ఇద్దామని బీరువాలో పెడితే, కనీసం ఆరు నెలలకోసారి బయటికి తీసి చార్జ్ పెట్టండి. పూర్తిగా దిగిపోయి అలాగే ఉండిపోయిన బ్యాటరీ మళ్లీ చార్జ్ ఎక్కకపోవచ్చు.